టర్న్‌టేబుల్ కొంటున్నారా? లోపల ఏ మోటార్ ఉందో చూడకపోతే పాట శ్రుతి తప్పినట్టే..!

అటక మీద నుంచి పాత ఘంటసాల భగవద్గీత ఎల్‌పీ రికార్డు దించారు. దుమ్ము తుడిచారు. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న కొడుకు సెలవులకు వస్తూ అక్కడ కొన్న టర్న్‌టేబుల్ తెచ్చాడు. అక్కడి 120 వోల్టుల మెషీన్ ఇక్కడి 230 వోల్టులకు కాలిపోకుండా ట్రాన్స్‌ఫార్మర్ కూడా పెట్టారు. ముల్లు పెట్టగానే శ్లోకం వచ్చింది.. కానీ గొంతు మాత్రం ఘంటసాలది కాదు! బరువుగా, సాగదీసినట్టు, నిద్రలో పాడినట్టు వినిపిస్తోంది.

ఇలాంటప్పుడు ఎవరైనా ముందు రికార్డునే అనుమానిస్తారు. తర్వాత స్పీకర్లను, ఆ తర్వాత వైర్లను. నిజానికి అక్కడ తప్పు మోటార్‌ది. అది కూడా పాడైన మోటార్ కాదు, పూర్తి కండిషన్‌లో ఉన్న మోటారే! ఇదెలా సాధ్యం? బెల్ట్ డ్రైవ్, డైరెక్ట్ డ్రైవ్ అంటూ షాపుల్లో చెప్పే మాటలకు అసలు అర్థమేంటి? ఆ తేడా చెవికి నిజంగా తెలుస్తుందా? పూర్తి వివరాలివీ..

మళ్లీ తిరుగుతున్న రికార్డులు

సీడీలు వచ్చాక ఎల్‌పీల పని అయిపోయిందని అంతా అనుకున్నారు. కానీ సీన్ రివర్స్ అయ్యింది. అమెరికాలో 2022లో సుమారు 4.1 కోట్ల వినైల్ రికార్డులు అమ్ముడైతే, సీడీలు సుమారు 3.3 కోట్ల దగ్గరే ఆగిపోయాయి. సంఖ్యలో సీడీలను రికార్డులు దాటడం 1987 తర్వాత అదే మొదటిసారి. ఆ గాలి ఇక్కడికీ వచ్చింది. తాతల నాటి రికార్డులు వినాలని కొందరు, కొత్త సరదాతో ఇంకొందరు టర్న్‌టేబుల్ వెతుకుతున్నారు. అయితే చాలామంది చూసేది రంగు, డిజైన్, బ్లూటూత్ ఉందా లేదా అన్నది. మోటార్ సంగతి అడిగేవాళ్లు తక్కువే.

మోటార్‌కు రెండే పనులు.. రెండూ కష్టమైనవే

టర్న్‌టేబుల్ మోటార్ చేయాల్సిన పనులు రెండే. ఒకటి, రికార్డును సరైన వేగంతో, ఎక్కడా తడబడకుండా తిప్పాలి. ఎల్‌పీ అయితే నిమిషానికి 33⅓ చుట్లు. అంటే ఒక్కో చుట్టుకు 1.8 సెకన్లు. రెండు, తిప్పుతూ తాను వణకకూడదు.

రెండో పని ఎందుకంత ముఖ్యమంటే.. రికార్డు మీది గాడి వెడల్పు తల వెంట్రుక మందానికి అటూఇటూగా ఉంటుంది. అందులోని అతి సన్నటి వంపులనే ముల్లు చదువుతుంది. కింద మోటార్ వణికినా ముల్లు కదులుతుంది. ఏ కదలిక పాటదో, ఏది మోటార్‌దో ముల్లుకు తెలియదు. రెండింటినీ కలిపి ఆంప్లిఫయర్‌కు పంపేస్తుంది.

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. రికార్డు తయారు చేసేటప్పుడు లోతైన బేస్ శబ్దాలను కావాలనే తగ్గించి చెక్కుతారు. లేకపోతే గాడి మరీ వెడల్పైపోయి రికార్డులో పట్టే పాటలు తగ్గిపోతాయి. అందుకే ప్లే చేసేటప్పుడు ఆంప్లిఫయర్ ఆ బేస్‌ను తిరిగి పెంచుతుంది. 1000 హెర్ట్జ్ దగ్గర ఉండే శబ్దంతో పోలిస్తే 20 హెర్ట్జ్ దగ్గరి శబ్దానికి దాదాపు 9, 10 రెట్లు ఎక్కువ బలం ఇస్తుంది. మోటార్ వణుకు ఉండేది కూడా సరిగ్గా ఆ కింది స్థాయిలోనే! అంటే పాటతో పాటు మోటార్ గొణుగుడు కూడా పెద్దదవుతుంది.

ఈ లోపాలకు మూడు పేర్లున్నాయి. వేగం మెల్లగా పెరిగి తగ్గుతూ స్వరం ఊగితే ‘వావ్’. ఆ ఊగడం త్వరత్వరగా జరిగి స్వరం జీర పోయినట్టు ఉంటే ‘ఫ్లట్టర్’. అడుగున గుర్‌ర్‌మని వినిపించే శబ్దం ‘రంబుల్’.

ఇవి అన్ని రికార్డుల్లో ఒకేలా బయటపడవు. హోరుగా సాగే సినిమా పాటలో చిన్న వావ్‌ను పసిగట్టడం కష్టం. అదే కర్ణాటక సంగీతం రికార్డు పెట్టండి. వెనకాల తంబురా ఒకే శ్రుతి మీద నిలబడి ఉంటుంది. అది కాస్త ఊగినా వెంటనే దొరికిపోతుంది. గాయకుడి గమకం వేరు, మెషీన్ పెట్టే గమకం వేరు!

ఐడ్లర్ డ్రైవ్.. సైకిల్ డైనమో ఫార్ములా

పాతకాలం ఎలక్ట్రిక్ రికార్డు ప్లేయర్లలో ఎక్కువగా కనిపించేది ఐడ్లర్ డ్రైవ్. సైకిల్ డైనమో గుర్తుందా? టైరుకు ఆనుకుని తిరుగుతుంది కదా.. ఇదీ అలాంటిదే, కాకపోతే తిరగేసి. ఇక్కడ మోటార్ తిరుగుతూ ఒక చిన్న రబ్బరు చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం రికార్డు పళ్లెం అంచును లోపలి నుంచి ఆనుకుని తిప్పుతుంది.

ఇందులో ఉండేది సాధారణంగా ఇండక్షన్ మోటార్. 50 హెర్ట్జ్ కరెంటు మీద 4 పోల్స్ ఉన్న మోటార్ నిమిషానికి దాదాపు 1500 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 25. మనిషి చెవికి 20 హెర్ట్జ్ నుంచి శబ్దం వినిపిస్తుంది కాబట్టి, ఈ మోటార్ వణుకు నేరుగా వినికిడి పరిధిలోకి వచ్చేస్తుంది. పైగా గట్టి రబ్బరు చక్రం ఆ వణుకును పళ్లేనికి మోసుకెళ్తుంది. పాత ప్లేయర్లలో పాట మొదలవకముందే గుర్‌ర్ శబ్దం రావడానికి ఒక కారణం ఇదే.

మరి దీన్ని ఎందుకు వాడారంటే.. బలం. స్విచ్ వేయగానే పళ్లెం వెంటనే వేగం అందుకుంటుంది. ఇంగ్లండ్‌లో 1950ల్లో వచ్చిన గ్యారార్డ్ 301 ఈ రకానికి పెట్టింది పేరు. బరువైన పళ్లెం, మంచి బేరింగ్, స్ప్రింగుల మీద కూర్చోబెట్టిన మోటార్‌తో వణుకును బాగా అదుపు చేశారు. అందుకే 70 ఏళ్ల తర్వాత కూడా వాటిని రిపేర్ చేయించి వాడేవాళ్లున్నారు.

పాత ప్లేయర్ ఇంట్లో ఉన్నవాళ్లు ఒక విషయం గమనించాలి. రబ్బరు చక్రాన్ని పళ్లేనికి ఆనించి ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తే, ఆనిన చోట చక్రం చదునైపోతుంది. ఆ తర్వాత ప్లే చేస్తే టక్ టక్‌మని మోత మొదలవుతుంది. అప్పుడు మోటార్ మార్చాల్సిన పనిలేదు, చక్రం మారిస్తే చాలు.

బెల్ట్ డ్రైవ్.. పిండిమర పాఠం

పిండిమరలో మోటార్ ఒకచోట, రాళ్లు ఇంకోచోట ఉంటాయి. మధ్యలో బెల్ట్. బెల్ట్ డ్రైవ్ టర్న్‌టేబుల్ కూడా అంతే. మోటార్‌ను పక్కకు జరిపి, సన్నటి రబ్బరు బెల్ట్‌తో పళ్లేన్ని తిప్పుతారు. రబ్బరు సాగుతుంది కాబట్టి మోటార్ వణుకులో ఎక్కువ భాగాన్ని తనే మింగేస్తుంది.

అమెరికాలో 1961లో ఎడ్గర్ విల్చర్ రూపొందించిన అకౌస్టిక్ రీసెర్చ్ ఎక్స్‌ఏ ఈ పద్ధతిని ఇళ్లలోకి తెచ్చింది. పళ్లేన్నీ, ముల్లు ఉండే చేతినీ కలిపి స్ప్రింగుల మీద వేలాడదీసి, మోటార్‌ను వాటి నుంచి విడదీశారు. తర్వాత స్కాట్లాండ్‌లో 1970ల మొదట్లో వచ్చిన లిన్ సోండెక్ ఎల్‌పీ12 కూడా అదే దారిలో నడిచి, ఇప్పటికీ తయారవుతోంది.

వీటిలో వాడే 24 పోల్స్ సింక్రొనస్ మోటార్ 50 హెర్ట్జ్ మీద నిమిషానికి 250 చుట్లే తిరుగుతుంది. అంటే సెకనుకు నాలుగు పైచిలుకు. ఇండక్షన్ మోటార్ 25తో పోల్చి చూడండి.. ఈ తిరుగుడు వినికిడి పరిధి కంటే చాలా కింద ఉంది. అలాగని ఈ మోటార్ పూర్తిగా మౌని కాదు. కరెంటు వల్ల 100 హెర్ట్జ్ దగ్గర సన్నటి హమ్ ఉంటుంది. దాన్ని ఆపే బాధ్యత బెల్ట్‌ది, మోటార్ కింద పెట్టే రబ్బరుది.

మరి లోపం? రబ్బరుకు ఆయుష్షు తక్కువ. వేడికి, ఏళ్లకు సాగుతుంది, జారుతుంది. బెల్ట్ జారితే వేగం తగ్గుతుంది, స్వరం ఊగుతుంది. ఎండలు మండిపోయే ఊళ్లలో ఏళ్ల తరబడి పెట్టెలో ఉండిపోయిన మెషీన్ అయితే ముందు బెల్ట్ చూడాల్సిందే. శుభవార్త ఏంటంటే.. మొత్తం మెషీన్‌లో చౌకగా మారేది కూడా అదే.

డైరెక్ట్ డ్రైవ్.. సీలింగ్ ఫ్యాన్ లాంటిది

సీలింగ్ ఫ్యాన్‌లో బెల్ట్ ఉండదు, చక్రాలు ఉండవు. మోటార్ తిరిగితే రెక్కలు తిరుగుతాయి. డైరెక్ట్ డ్రైవ్ అంటే ఇదే. మోటార్ ఇరుసే పళ్లెం ఇరుసు. మోటార్ కూడా నిమిషానికి సరిగ్గా 33⅓ చుట్లే తిరుగుతుంది.

జపాన్ కంపెనీ మత్సుషితా తన టెక్నిక్స్ బ్రాండ్ కింద 1970లో ఎస్‌పీ-10 పేరుతో దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. 1972లో ఇళ్ల కోసం ఎస్ఎల్-1200 వచ్చింది. 1979లో వచ్చిన ఎస్ఎల్-1200 ఎంకే2 అయితే ప్రపంచవ్యాప్తంగా డీజేల చేతుల్లోకి వెళ్లిపోయింది. కారణం సింపుల్. బటన్ నొక్కాక 0.7 సెకన్లలో పూర్తి వేగం అందుకుంటుంది. చేత్తో రికార్డు ఆపినా, వెనక్కి తిప్పినా కింద మోటార్ లొంగదు. బెల్ట్ మెషీన్ మీద అలా చేస్తే బెల్ట్ జారిపోతుంది.

ఇందులో వేగాన్ని చూసుకునేది క్వార్ట్జ్ క్రిస్టల్. చేతి గడియారంలో ఉండేదే. పళ్లెం వేగాన్ని ఎలక్ట్రానిక్ సర్క్యూట్ నిరంతరం కొలుస్తూ, క్రిస్టల్ ఇచ్చే లెక్కతో పోల్చి సరిచేస్తుంది. ఎంకే2 వావ్-ఫ్లట్టర్‌ను కంపెనీ 0.025 శాతంగా చెప్పింది.

మరి అందరూ ఇదే కొనొచ్చు కదా? ఇక్కడో మెలిక ఉంది. మోటార్ లోపల అయస్కాంతాలు, ఇనుప పళ్లు ఉంటాయి. ఒక్కో పన్ను దగ్గరికి రాగానే అయస్కాంతం దాన్ని లాగుతుంది, దాటగానే వదులుతుంది. దీన్ని ‘కాగింగ్’ అంటారు. తిరుగుడులో సన్నటి కుదుపు అన్నమాట. మధ్యలో బెల్ట్ లేదు కాబట్టి ఆ కుదుపు నేరుగా పళ్లేనికి చేరుతుంది. బరువైన పళ్లెం దాన్ని చాలావరకు మింగుతుంది కానీ, తేలికపాటి పళ్లెం ఉన్న చౌక మోడళ్లలో ఆ వీలుండదు. 2010లో ఎస్ఎల్-1200 తయారీ ఆపేసిన టెక్నిక్స్, 2016లో దాన్ని తిరిగి తెచ్చినప్పుడు మోటార్‌లోంచి ఇనుప కోర్‌నే తీసేసింది. ఇనుము లేకపోతే లాగేదేమీ లేదు, కుదుపూ లేదు.

50.. 60.. అసలు గొడవ ఇక్కడే

ఇప్పుడు మొదట చెప్పుకున్న భగవద్గీత రికార్డు దగ్గరికి వద్దాం. ఏసీ సింక్రొనస్ మోటార్ వోల్టేజ్‌ను చూసి తిరగదు, కరెంటు ఫ్రీక్వెన్సీని చూసి తిరుగుతుంది. ఇండియాలో అది 50 హెర్ట్జ్. అమెరికాలో 60. ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టులను 120 చేస్తుంది కానీ, 50ని 60 చేయలేదు!

ఫలితం ఏంటంటే.. అక్కడ 33⅓ తిరగాల్సిన పళ్లెం ఇక్కడ సుమారు 27.8 తిరుగుతుంది. అంటే ఆరింట ఐదు వంతులే. 20 నిమిషాల రికార్డు 24 నిమిషాలు సాగుతుంది. అంతేకాదు, శ్రుతి కూడా దిగిపోతుంది. 5 శ్రుతిలో పాడిన పాట 3 శ్రుతిలో వినిపిస్తుంది. ఇక్కడి మెషీన్‌ను అమెరికా తీసుకెళ్తే ఇదే కథ తిరగబడుతుంది. పళ్లెం 40 చుట్లు తిరిగి, గొంతులు కార్టూన్ బొమ్మల్లా మారతాయి.

దీనికి మందు ఉంది. కొన్ని మోడళ్లకు 50 హెర్ట్జ్ కోసం వేరే సైజు పుల్లీ దొరుకుతుంది. లేదంటే సొంతంగా సరైన ఫ్రీక్వెన్సీ తయారు చేసి ఇచ్చే స్పీడ్ కంట్రోల్ యూనిట్ పెట్టుకోవచ్చు. డీసీ మోటార్లకు, క్వార్ట్జ్‌తో నడిచే డైరెక్ట్ డ్రైవ్ మెషీన్లకు ఈ గొడవే లేదు. వాటికి వోల్టేజ్ సరిపోతే చాలు.

ఫ్రీక్వెన్సీ కథ మన గడ్డ మీదా నడిచింది. 1990ల్లో దక్షిణాది గ్రిడ్ మీద లోడ్ పెరిగి, ఫ్రీక్వెన్సీ 49 కంటే కిందకు జారిన రోజులు చాలానే ఉన్నాయి. 48.5 హెర్ట్జ్ దగ్గర సింక్రొనస్ మోటార్ వేగం 3 శాతం పడిపోతుంది. సంగీతం లెక్కలో అది దాదాపు అర మెట్టు కాదు కానీ, అర మెట్టులో సగం. హార్మోనియం పక్కన పెట్టుకుని రికార్డు వింటూ నేర్చుకునేవాళ్లకు అది ఇబ్బందే. 2013 చివర్లో దక్షిణాది గ్రిడ్ జాతీయ గ్రిడ్‌తో కలిసింది. ఇప్పుడు నిబంధనల ప్రకారం ఫ్రీక్వెన్సీ 49.90 నుంచి 50.05 మధ్య ఉండాలి. ఆ తేడా టర్న్‌టేబుల్‌కు పెద్ద లెక్క కాదు.

ఇంకో మాట. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకు వెళ్లినప్పుడు ఫ్యాన్ గుయ్‌మని మోగుతుంటే అది స్క్వేర్ వేవ్ రకం ఇన్వర్టర్ అయ్యే అవకాశం ఎక్కువ. ఏసీ మోటార్ టర్న్‌టేబుల్ కూడా దాని మీద అలాగే గుయ్‌మంటుంది. ఆ టైంలో రికార్డు వినకపోవడమే మేలు.

డీసీ మోటార్ తక్కువ రకమా?

సూట్‌కేస్ మోడల్ ప్లేయర్లలో ఉండేది చిన్న డీసీ మోటార్. దాంతో డీసీ అంటే చౌక అనే పేరొచ్చింది. కానీ అది సగం నిజమే. డీసీ మోటార్ వేగం దానికి అందే వోల్టేజ్ మీద, మీద పడే భారం మీద ఆధారపడుతుంది. ఆ వోల్టేజ్‌ను గట్టిగా పట్టి ఉంచే సర్క్యూట్ ఉంటే అదే మోటార్ నిలకడగా తిరుగుతుంది. లేకపోతే తడబడుతుంది. లిన్ కంపెనీ ఏళ్ల తరబడి ఏసీ మోటార్ వాడిన తన ఎల్‌పీ12కే 2009లో రాడికల్ పేరుతో డీసీ మోటార్‌ను ఖరీదైన అప్‌గ్రేడ్‌గా తెచ్చింది. చౌక ప్లేయర్‌లో బలహీనత మోటార్ ఒక్కటే కాదు. పళ్లెం మరీ తేలిక. బరువైన పళ్లెం బొంగరంలా తన ఊపును తానే నిలబెట్టుకుంటుంది. తేలిక పళ్లెం మోటార్ చేసే ప్రతి తప్పునూ బయటపెడుతుంది.

ఇంతకీ ఏది బెస్ట్?

బెల్ట్ అయితేనే సంగీతం, డైరెక్ట్ అయితే డీజేలకే అనే మాట పాతది. నాసిరకం బెల్ట్ మెషీన్ కంటే మంచి డైరెక్ట్ డ్రైవ్ మేలు. నాసిరకం డైరెక్ట్ డ్రైవ్ కంటే మంచి బెల్ట్ మేలు. రకం పేరు కంటే తయారీ ముఖ్యం.

ఇంకో నిజం కూడా ఉంది. రికార్డు మధ్యలోని రంధ్రం అర మిల్లీమీటరు పక్కకు జరిగిందనుకోండి. మధ్య నుంచి 10 సెంటీమీటర్ల దూరంలోని గాడి దగ్గర వేగం ప్రతి చుట్టులో 0.5 శాతం పెరిగి, 0.5 శాతం తగ్గుతుంది. కొలిచే పద్ధతులు వేరైనా, మంచి మోటార్ చేసే తప్పు దీని ముందు చాలా చిన్నది. కాబట్టి పాట ఊగుతోందని వెంటనే మెషీన్ మార్చేయక్కర్లేదు. ముందు తప్పు ఎవరిదో తేల్చుకోవాలి.

ఇంట్లోనే చేసుకునే 4 టెస్టులు

1. వేగం: రికార్డు అంచున చిన్న కాగితం ముక్క గుర్తుగా పెట్టండి. మొబైల్‌లో స్టాప్‌వాచ్ ఆన్ చేయండి. సరిగ్గా 3 నిమిషాల్లో 100 చుట్లు పూర్తయితే వేగం కరెక్ట్. 83 దగ్గర ఆగిందా? అది 60 హెర్ట్జ్ మెషీన్. 95, 97 అయితే బెల్ట్ జారుతుండొచ్చు, లేదా స్పీడ్ సెట్టింగ్ తప్పి ఉండొచ్చు.

2. ఊగడం: తంబురా గానీ, పియానో గానీ నిలకడగా మోగే రికార్డు పెట్టండి. ఊగడం ప్రతి 1.8 సెకన్లకు ఒకసారి వస్తుంటే ముందు రికార్డును అనుమానించాలి. రంధ్రం పక్కకు పోయిందో, రికార్డు వంగిందో చూడాలి. ఇంకో రికార్డుతోనూ అలాగే వస్తే పళ్లెం చూడాలి. ఒక లెక్క లేకుండా ఊగుతుంటే బెల్ట్, మోటార్ వైపు చూడాలి.

3. గుర్‌ర్ శబ్దం: బెల్ట్ మెషీన్ అయితే బెల్ట్ తీసేయండి. ఆగి ఉన్న రికార్డు మీద ముల్లు మెల్లగా దించి, వాల్యూమ్ రోజూ వినేంతే పెట్టండి. మోటార్ ఆన్ చేసినప్పుడు మాత్రమే హమ్ వస్తే అది మోటార్‌దే. ఆఫ్ చేసినా వస్తుంటే ఎర్త్ వైరు, కనెక్షన్లు చెక్ చేసుకోవాలి.

4. స్టార్ట్: స్విచ్ వేశాక పళ్లెం వేగం అందుకోవడానికి మునుపటి కంటే ఎక్కువ సమయం పడుతోందంటే బెల్ట్ సాగిందని గానీ, బేరింగ్‌లో ఆయిల్ ఎండిందని గానీ అర్థం.

కొనేముందు ఇవి అడగండి

మోటార్ ఏసీనా, డీసీనా? ఏసీ అయితే వెనక స్టిక్కర్ మీద 50 హెర్ట్జ్ అని ఉందా, 60 అని మాత్రమే ఉందా? బెల్ట్ లోకల్‌గా దొరుకుతుందా? పళ్లెం బరువు ఎంత? వేగాన్ని సరిచేసుకునే ఏర్పాటు ఉందా? ఈ ఐదు ప్రశ్నలకు జవాబు దొరికితే మోసపోయే ఛాన్స్ చాలావరకు తగ్గుతుంది. విదేశాల నుంచి తెప్పించుకునేవాళ్లైతే రెండో ప్రశ్నను అస్సలు మర్చిపోకూడదు.

మంచి మోటార్‌కు గుర్తు ఒక్కటే.. అది ఉన్నట్టే తెలియకూడదు. ఘంటసాల గొంతు ఘంటసాల గొంతులాగే వినిపించాలి. వినిపించలేదా? రికార్డును పక్కన పడేసే ముందు ఒక్కసారి 3 నిమిషాలు కేటాయించి, చుట్లు లెక్కపెట్టండి.